అప్పలకొండ గూటి ప్లాను

ఒక పెద్ద అడవిలో, వేసవి మొదట్లో, మృగరాజు మద్దిచెట్టు కింద భోజనం ముగించి కునుకు తీస్తుండగా పైనుంచి ఓ గువ్వ గూడు ఊడి ఆయన ముక్కు మీద పడింది. గువ్వలు గూడు కట్టే తీరు అందరికీ తెలిసిందే. కాసిని పుల్లలు అడ్డంగా, కాసిని నిలువుగా పడేసి ఇల్లయిపోయిందనుకుంటాయి. రాజుగారికి దెబ్బేమీ తగల్లేదు గానీ తుమ్ము వచ్చింది. తుమ్ముతో నిద్ర చెడింది. ఆ చిరాకులో, ఇకమీదట అడవిలో ఎవరు గూడు కట్టినా ముందు అనుమతి తీసుకోవాలని ఆజ్ఞ వేశారు.

ఆజ్ఞ వేసి ఆయన మళ్ళీ పడుకున్నారు. అడవికి మాత్రం ఆ రోజునుంచి నిద్ర లేదు.

అనుమతులివ్వాలంటే శాఖ ఉండాలి. శాఖకి అధికారి ఉండాలి. గూళ్ళ సంగతి తెలిసిన గిజిగాళ్ళూ వడ్రంగిపిట్టలూ గూళ్ళు కట్టుకునే హడావుడిలో ఉండి ఆ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోలేకపోయాయి. తీరిగ్గా ఉన్నది కోయిల ఒక్కతే. పేరు వసంతశ్రీ. గూళ్ళ నిర్మాణంలో మీకున్న అనుభవం ఏమిటని కొలువులో అడిగారు.

"నేనెప్పుడూ గూడు కట్టలేదు. మా అమ్మా కట్టలేదు. అందుకే ఏ గూటి మీదా నాకు పక్షపాతం లేదు" అంది వసంతశ్రీ.

గొంతు తియ్యగా ఉంది. రాజుగారికి నిద్రలో కూడా హాయిగా వినిపించింది. ఉద్యోగం ఖాయమైపోయింది.

ఎలుగుబంటి ఖాళీ చేసిన గుహలో శాఖ వెలిసింది. గుమాస్తాగా తాబేలు కూర్మారావు, తనిఖీదారుగా బల్లి సత్యలింగం చేరారు. ఎవరైనా గట్టిగా ఏదైనా అడిగితే కూర్మారావు తల డొప్పలోకి లాక్కునేవాడు. సత్యలింగం అలవాటు వేరు. అమ్మగారు ఏ మాట అన్నా గోడ మీద నుంచి టిక్ టిక్ మనేవాడు. బల్లి పలికిందంటే ఆ మాట సత్యమన్నట్టే కాబట్టి శాఖలో అబద్ధమన్నదే లేకుండా పోయింది.

సరిగ్గా ఆ వేసవిలోనే అప్పలకొండకి గూడు కావలసి వచ్చింది.

అప్పలకొండ కాకి. వాగొడ్డున నేరేడు చెట్టు మీద కాపురం. ఏ కొమ్మ ఎంత గాలికి ఓర్చుకుంటుందో దాని మీద వాలి చూసి చెప్పగలిగేవాడు. తను కట్టిన గూడు ఎప్పుడూ కూలలేదు. అయినా కిందటేడు ఆ గూట్లో అతని పిల్లలు బతకలేదు.

ఆ సంగతి ఇలా జరిగింది. గూట్లో పిల్లలన్నిట్లోకీ ఒకదానికి ఆకలి ఎక్కువ. అప్పలకొండ భార్య నీలాలు దాని గోల చూడలేక, మిగతావాటికి తెచ్చినది కూడా దాని నోట్లోనే పెట్టేది. మిగతావి చిక్కి చిక్కి ఒకదాని వెనక ఒకటి పోయాయి. ఉన్న ఒక్కదాన్నీ ప్రాణంలా పెంచింది. రెక్కలొచ్చాక అది కొమ్మ చివరికి వెళ్ళి నిలబడి, మెడ సాచి, "కూ" అంది. అని ఎగిరిపోయింది. మళ్ళీ వెనక్కి చూడలేదు.

నీలాలు దాన్ని తిట్టలేదు, ఏడవలేదు. ఈ ఏడు గాలి వేడెక్కాక మాత్రం, "ఈసారి మన పిల్లలు పెరగాలి మావా" అంది. ఆ మాట అప్పలకొండకి లోపల ఎక్కడో గుచ్చుకుని ఉండిపోయింది.

అనుమతి గినుమతి ఏమిటి, కట్టేద్దామనే అతను మొదట అనుకున్నాడు. ఇంతలో శాఖ పంపిన కోతుల దళం వచ్చి పక్క చెట్టు మీద గువ్వల గూడు పీకేసింది. గుడ్లతో సహా. కోతులకి చదువు రాదు. గూటి కింద శాఖవారి అనుమతి ఎర్రబోర్డు ఉందా లేదా అన్నదొక్కటే చూస్తాయి. బోర్డు లేదు. గువ్వలు రెండూ అక్కడక్కడే తిరుగుతూ ఏడుస్తుంటే కోతులు చేతులు దులుపుకుని, మామీద కోపం పెట్టుకోకండి, మాకు అప్పజెప్పిన పని మేం చేశాం అని మర్యాదగా చెప్పి మరీ వెళ్ళాయి.

నేల మీద పగిలిన పెంకులు చూసి అప్పలకొండ మర్నాడే గుహకి బయల్దేరాడు.

కూర్మారావు చాలాసేపటికి తల బయటికి పెట్టి, ఏం కావాలన్నాడు. గూడు కట్టుకోవాలని అప్పలకొండ చెప్పాడు. ప్లాను ఏదన్నాడు కూర్మారావు.

"ప్లానంటే ఏముంది బాబూ. నేను పుల్లలు తెస్తాను, మా ఆవిడ సర్దుతుంది."

"అది కాపురం. ప్లాను వేరు" అన్నాడు కూర్మారావు.

అర్హత ఉన్నవాళ్ళు గీసిన ప్లానే చెల్లుతుందట. అంత అర్హత ఉన్నవాడు అడవి మొత్తానికీ ఒక్కడే. అతను ఆ గుహ కప్పుకే వేలాడుతున్నాడు. గబ్బిలం వేలాద్రి. పక్షుల దగ్గర రెక్కలు చూపించి మీవాణ్ణేననేవాడు. జంతువుల దగ్గర పళ్ళు చూపించి మీవాణ్ణేననేవాడు. రెండు వైపులా పనులు చేయించి రెండు వైపులా పళ్ళు పుచ్చుకునేవాడు. జామపళ్ళకి బేరం కుదిరింది. వేలాద్రి వేలాడుతూనే టేకాకు మీద బొగ్గుముక్కతో గూడు గీసి కిందికి జారవిడిచాడు.

అప్పలకొండ ఆకుని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ఆకు మీద పైభాగమని రాసిన చోట గూటి అడుగుంది. గూటి నోరు నేలవైపుకి తెరుచుకుని ఉంది. ఇది తలకిందులుగా ఉంది బాబూ అన్నాడు.

"నాకు సరిగ్గానే ఉంది. కావాలంటే నువ్వు కూడా ఇలా వేలాడి చూడు" అన్నాడు వేలాద్రి. తరవాత గొంతు తగ్గించి, "ప్లానన్నది సంతకం కోసం తమ్ముడూ, కట్టడం కోసం కాదు. సంతకం పడ్డాక నీ పద్ధతిలో నువ్వు కట్టుకో. ఎవడు చూడొచ్చాడు?" అన్నాడు.

ఆ మాట నిజమే అయింది. వసంతశ్రీ ఆకు వైపు చూడకుండానే సంతకం చేసింది. గోడ మీద సత్యలింగం టిక్ టిక్ మన్నాడు. అప్పలకొండ సంతోషంగా ఇంటికెళ్ళి పుల్లలు ఏరడం మొదలుపెట్టాడు. సాయంత్రానికి కబురొచ్చింది. మంజూరైంది ప్లాను మాత్రమేనట. పని మొదలుపెట్టే అనుమతి దానికి వేరే ఉంటుందట. అది వస్తేగాని బోర్డు ఇవ్వరట.

అక్కణ్ణుంచి మొదలైంది తిరుగుడు. నిప్పుకి సంబంధించిన అభ్యంతరం లేదని అగ్నిమాపక అధికారి నుంచి కాగితం తేవాలన్నారు. ఆ అధికారి మిణుగురు. అది ఒక క్షణం కనిపిస్తుంది, మరుక్షణం కనిపించదు. ఇప్పుడే ఉన్నారే అంటే, ఉన్నారు గానీ వెళ్ళిపోయారు అనేవారు. తరవాత, వానచుక్క వృథా కాకుండా గూటికి ఇంకుడు గుంత ఉండాలన్నారు. చెట్టు మీది గూటికి గుంతేమిటని అడిగితే కూర్మారావు తల లోపలికి లాక్కున్నాడు. అప్పలకొండ ముక్కు నొప్పెట్టేలా నేరేడు మొదట్లో గుంత తవ్వాడు. తవ్వాక, అతిథులు వచ్చి వాలడానికి విడిగా కొమ్మ చూపించాలన్నారు. చూపించాడు. చూపించిన కొమ్మ మీద చీమలున్నాయని రాశారు.

స్థలం చూడటానికి సత్యలింగం వచ్చాడు. మామూలు రోజుల్లో బల్లి కనిపిస్తే అప్పలకొండకి ఆకలేసేది. ఇప్పుడు రెక్కలు జోడించి నిలబడాల్సి వచ్చింది. సత్యలింగం దేన్ని కొలిచినా తన తోకతోనే కొలిచేవాడు. కొమ్మ పంగ వెడల్పు తోకకి సరిపోయిందని రాసుకుని, పెట్టిన మిడతలు తిని వెళ్ళాడు. పాపం, తిరిగి వెళ్ళగానే గుహ తలుపుసందున పడి తోక తెగింది. మొండితోకతో మళ్ళీ కొలిస్తే, అదే పంగ పరిమితిని మించిపోయింది. తోక పెరిగాక రమ్మని కూర్మారావు సలహా ఇచ్చాడు.

ఇవన్నీ ఒక ఎత్తు, నమూనా పుల్లలు ఇంకో ఎత్తు. గూటికి వాడబోయే పుల్లల నాణ్యత చూడాలని ఎప్పుడు వెళ్ళినా కొన్ని తెమ్మనేవారు. చింతపుల్లలు తెస్తే తుమ్మవి ఏవనేవారు. తుమ్మవి తెస్తే లోపల పరిచే పీచు ఏదనేవారు. తెచ్చినదల్లా కూర్మారావు గుహలో పైఅరుగు మీద, ఎవరూ ముట్టని టేకాకు ఫైళ్ళ మధ్యన తెచ్చినవాళ్ళ చేతే పడేయించేవాడు. అడవిలో మంచి పుల్ల అన్నది ఆ అరుగు మీద తప్ప ఎక్కడా లేకుండా పోయింది.

ఒకనాడు అప్పలకొండ కొత్త నిబంధన ఒకటి విని వచ్చి నీలాలుకి చెప్పాడు. గూడు పూర్తయి, గుడ్లు పెట్టాక, తుది పరిశీలన ఉంటుందట. స్వయంగా అమ్మగారే గానీ, కొత్తగా చేర్చుకున్న ఆవిడ చెల్లెళ్ళు గానీ వచ్చి గూట్లోకి దిగి చూస్తారట. ఆ వేళకి యజమానులు చెట్టు వదిలి వాగుకి అవతల ఉండాలట.

నీలాలు రెక్క సర్దుకోవడం ఆపింది.

"మనం అవతల ఎందుకుండాలి మావా?"

నిబంధన అని చెప్పాడు అప్పలకొండ. చెప్పాక, తన మాట తనకే వినిపించింది. ఇన్నాళ్ళూ కోయిలలు దొంగతనంగా వచ్చేవి. మగకోయిల కవ్విస్తే కాకులు తరుముకుంటూ పోయేవి, ఆ సందులో ఆడకోయిల గుడ్డు పెట్టి పారిపోయేది. ఒక్కోసారి పొడుపులు తినేది. ఇప్పుడా భయం లేదు. ఏ కాకి గూడు ఎక్కడుందో, గుడ్లెప్పుడు పెట్టిందో, ఆ కాకే స్వయంగా వచ్చి రాయించి వెళుతుంది. పరిశీలనకి దయచేయండమ్మా అని పిలుస్తుంది. పిలిచి, తనే దూరంగా వెళ్ళి నిలబడుతుంది.

"పొడిచి తరిమిన నోటితోనే దణ్ణం పెట్టించుకుంటోంది" అంది నీలాలు.

అనుమతి లేకుండా కడితే కోతులు. అనుమతితో కడితే కోయిల. నీలాలుకి చూస్తే రోజులు దగ్గరపడుతున్నాయి. ఎగిరితే ఆయాసపడుతోంది. కొమ్మ మీద నిలకడగా కూర్చోలేకపోతోంది. మన్నించు, నీకో గూడు కూడా ఇవ్వలేకపోయానని అతను అనబోయాడు గాని ఆమె వినే ధోరణిలో లేదు. గుహలో పైఅరుగు ఎంత వెడల్పుంటుందని అడిగింది. అక్కడికి ఎవరైనా ఎక్కుతారా అని అడిగింది. కూర్మారావు ఎక్కలేడని, బల్లి పాకగలిగినా ఫైలంటే దాని దరిదాపులకి పోడని అప్పలకొండ చెప్పాడు.

"మరింకేం. మన గూడు మొత్తం అక్కడే ఉంది. సర్దడమే తరవాయి" అంది నీలాలు.

శాఖలోనే, అధికారి నెత్తి మీదే గూడా అన్నాడు అప్పలకొండ. నీలాలు చాలా నెమ్మదిగా, కోతులు ఎక్కడెక్కడ వెతుకుతాయో చెప్పమంది. చెట్ల మీద అన్నాడు. కోయిలలు ఎక్కడ వెతుకుతాయంది. చెట్ల మీదే అన్నాడు.

మర్నాడు పనివేళకి ఇద్దరూ గుహలోకి వెళ్ళారు. ఎవరూ లేని సమయం చూడాల్సిన అవసరమే లేకపోయింది. కచేరీ వేళల్లో ఆ కచేరీ అంత నిర్మానుష్యంగా ఉండే చోటు అడవిలో మరొకటి లేదు. కూర్మారావు డొప్పలో ఉన్నాడు. సత్యలింగం తోక చూసుకుంటున్నాడు. వేలాద్రి నిద్రపోతున్నాడు. నీలాలు పైఅరుగెక్కి, అప్పలకొండ ఇన్నాళ్ళూ మోసుకొచ్చిన చింతపుల్లల్నీ తుమ్మపుల్లల్నీ ఒకదాంట్లో ఒకటి దూర్చి, పీచు పరిచి, పైన ఫైళ్ళు వాలుగా కప్పేసరికి బయటి కంటికి అది ఇంకో ఫైళ్ళ కుప్పలాగే ఉంది. ఏదైనా తక్కువైతే అప్పలకొండ తెచ్చేవాడు. ముక్కున పుల్లతో లోపలికి వచ్చే కాకిని ఎవరూ ఆపలేదు. నమూనా తెచ్చాడనుకున్నారు. నోట్లో పురుగుతో వస్తే తనకే తెచ్చాడని సత్యలింగం నవ్వేవాడు. అప్పలకొండ అతనికో పురుగు, నీలాలుకో పురుగు తేవడం మొదలుపెట్టాడు.

నీలాలు గుడ్లు పెట్టింది. వాటి మీద కూర్చుంది. కింద శాఖ నడుస్తూనే ఉంది.

అదే రోజుల్లో వసంతశ్రీకీ సమయం వచ్చింది. ఆవిడ కూర్మారావుని పిలిచి, పూర్తయిన కాకి గూళ్ళెన్నో చెప్పమంది. కూర్మారావు తల మెల్లిగా బయటికి పెట్టాడు.

"ఒక్కటీ కాలేదమ్మగారూ."

"ఎందుకు కాలేదు?"

"తమరి నిబంధనల ప్రకారమే కాలేదు."

అలవాటు కొద్దీ సత్యలింగం టిక్ టిక్ మన్నాడు. వసంతశ్రీ గోడ వైపు చూసిన చూపుకి తోక మళ్ళీ ఊడుతుందేమోనని అతను పగుల్లోకి దూరిపోయాడు.

అడవంతా గాలించినా ఒక్క కాకిగూడు లేదు. కాకులన్నీ కొమ్మల మీద దిగాలుగా కూర్చుని ఏ మిణుగురు కోసమో చూస్తున్నాయి. కొత్తగా చేర్చుకున్న చెల్లెళ్ళు పరిస్థితి చూసి, శాఖ లేని పక్క అడవికి ఒకరి తరవాత ఒకరు ఎగిరిపోయారు. వసంతశ్రీకి ఆ దారీ లేదు. శాఖాధిపతి అడవి వదిలి వెళ్ళాలంటే రాజుగారు సెలవు మంజూరు చేయాలి. రాజుగారు నిద్రలో ఉన్నారు.

ఆవిడ నేరుగా నేరేడు చెట్టు దగ్గరికి వచ్చింది. అనుమానం రాకుండా అప్పలకొండ రోజూ కాసేపు అక్కడే కూర్చుంటున్నాడు. ఇవాళే గూడు మొదలుపెట్టమని ఆవిడ అతనితో అంది. బోర్డు లేకుండానా అమ్మగారూ అన్నాడతను. నేను చెబుతున్నాను కదా అంది. ఆ ముక్క రాసి ఇప్పించమన్నాడు. రాసివ్వాలంటే ముద్ర కావాలి. ముద్ర కూర్మారావు డొప్ప కింద ఉంది. వసంతశ్రీ అటూ ఇటూ చూసి, ఎప్పుడూ లేనంత చిన్న గొంతుతో అడిగింది.

"గూడు ఎలా మొదలుపెడతారు?"

అప్పలకొండకి ఆ క్షణంలో ఆవిడ మీద కోపం రాలేదు. ఆవిడకీ ఆయాసంగానే ఉంది, నీలాలుకి ఉన్నట్టే. ముందు బరువు ఓర్చే పంగ చూసుకోవాలమ్మా అని అతను మొదలుపెట్టేలోపే వసంతశ్రీకి తన హోదా గుర్తొచ్చింది. అక్కర్లేదులే, ప్లాను ఉందిగా అని ఎగిరిపోయింది.

ఆ ఏడు స్థలం కొలతల దాకా వచ్చిన ప్లాను అప్పలకొండది ఒక్కటే. వసంతశ్రీ దాన్ని తన పేరుకి మార్పించుకుంది. తన పై అధికారి ఫైలు కాబట్టి కూర్మారావు ముద్ర ఆ పూటే పడింది. ఎర్రబోర్డు వచ్చింది. నేరేడు పంగ కూడా ప్లానులో ఉంది కాబట్టి అదీ ఆవిడదే అయింది. పుట్టి బుద్ధెరిగాక పుల్ల ముట్టని ఆవిడ, ఆవిడ భర్త, టేకాకు ముందు పెట్టుకుని గీతకి గీత సరిచూసుకుంటూ కట్టారు. అడుగు పైకి. నోరు కిందికి.

అప్పలకొండ తన చెట్టు మీద ఇంకొకరి గూడు లేవడం చూస్తూ నిలబడ్డాడు. మాట్లాడకుండా ఉండిపోవచ్చు. ఉండలేకపోయాడు. కింది కొమ్మ మీదికి వచ్చి రెక్కలు జోడించి, అది తలకిందులుగా ఉందమ్మగారూ, గుడ్డు నిలవదు అన్నాడు.

"ఆమోదం పొందిన ప్లానుని తప్పు పట్టడం నేరం. తెలుసా నీకు?" అంది వసంతశ్రీ.

తెలియదని చెప్పి అతను తప్పుకున్నాడు.

గుడ్డు ఆ సాయంత్రమే పడింది. పడ్డచోట నేల గట్టిది. సత్యలింగం వచ్చి, కొత్తగా మొలిచిన తోకతో అన్ని వైపులా కొలిచి, నిర్మాణం ప్లానుకి అక్షరాలా అనుగుణంగా ఉందని, ఉల్లంఘన ఏదీ లేదని రాశాడు. కోతులు కూడా వచ్చాయి. ఎర్రబోర్డు చూసి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాయి.

అప్పలకొండ గుహకి వెళ్ళి పైఅరుగు మీద నీలాలుకి ఇదంతా చెప్పాడు. చెబుతుంటే ఎంత వద్దనుకున్నా గొంతులో కొంచెం హుషారు దొర్లింది. నీలాలు వద్దన్నట్టు ముక్కు కదిపింది. కింద, లోపలి గదిలో, వసంతశ్రీ ఒక్కతే ఉంది. పాట కాదు, మాట కాదు, గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు చిన్న శబ్దం వస్తోంది.

"ఊరుకో మావా. ఎవరిదైనా గుడ్డే కదా" అంది నీలాలు. కూర్చున్నచోటే ఇంకాస్త ఒదిగి కూర్చుంది.

మర్నాటికి వసంతశ్రీ మామూలుగా పనిలోకి వచ్చింది. జరిగినదాని మీద విచారణ జరిపింది. ప్లాను తప్పు కాదు, దాని మీద తన సంతకం ఉంది. కొలత తప్పు కాదు, సత్యలింగం పలికాడు. తప్పు నేలదని తేలింది. గూడు కట్టదలచినవారు గూటి కింద నేల మెత్తగా ఉందన్న ధ్రువపత్రం కూడా జతపరచాలని ఆ రోజే కొత్త నిబంధన వచ్చింది.

పైన ఫైళ్ళ మధ్య గుడ్లు పిల్లలయ్యాయి. అన్నీ నల్లటి పిల్లలే. అన్నిటిదీ ఒకటే బొంగురు గొంతు. నీలాలుకి ఆ గొంతులు వింటుంటే కడుపు నిండిపోయేది. అప్పలకొండకి మాత్రం ఆ గోలకి పైప్రాణాలు పైనే పోయేవి. ఒకరోజు మధ్యాహ్నం పిల్లలు మరీ గట్టిగా అరిచేసరికి కూర్మారావు తల బయటికి పెట్టాడు. మెడ సాచి పైకి చూశాడు. ఫైళ్ళ సందుల్లోంచి ఎర్రటి నోళ్ళు తెరుచుకుని కనిపించాయి. వాటి పక్కన నీలాలు కనిపించింది. కింద పురుగుతో నిలబడిపోయిన అప్పలకొండ కనిపించాడు.

కూర్మారావు ఆలోచించాడు. ఈ సంగతి పైవారికి చెప్పాలంటే కొత్త ఫైలు తెరవాలి. ఫైలు తెరిస్తే, పైఅరుగు మీది పాత ఫైళ్ళన్నీ ఎందుకు కదల్లేదని అడుగుతారు. అడిగితే, కదపాలి.

"ఈ మధ్య నాకు చూపు సరిగ్గా ఆనడం లేదు" అని ఎవరితోనూ కాకుండా అని, కూర్మారావు తల లోపలికి లాక్కున్నాడు.

తొలకరి పడే వేళకి పిల్లలకి రెక్కలొచ్చాయి. గుహ బయట అర్జీదారులు బారులు తీరి ఉన్న రోజున, వాళ్ళందరి తలల మీదుగా, శాఖ గుమ్మంలోంచి కాకిపిల్లలు వరసగా ఎగురుకుంటూ బయటికి వచ్చాయి. వెనక నీలాలు, ఆ వెనక అప్పలకొండ. ఒక్కటీ "కూ" అనలేదు. బారులో నిలబడ్డ గువ్వలూ గోరింకలూ నోళ్ళు తెరుచుకుని చూశాయి. అన్నీ గుహలోని పైఅరుగు వంక చూశాయి.

మరుసటి ఏడు వేసవి రాకుండానే దరఖాస్తులు వెల్లువెత్తాయి. గువ్వలు, గోరింకలు, పిచ్చుకలు, కాకులు, ఒకటేమిటి, ప్రతి జంటా ఫైలు పెట్టింది. అడక్కుండానే మోపులకి మోపులు నమూనా పుల్లలు తెచ్చి ఇచ్చింది. ఏమైంది నా దరఖాస్తు అని ఒక్కరూ అడగలేదు. మా ఫైలు మాత్రం కదపకండి బాబూ అని కూర్మారావుని బతిమాలుకున్నారు. ఇంత ఓర్పున్న ప్రజలని తన ఉద్యోగంలో చూడలేదని కూర్మారావు పొంగిపోయాడు. కోతులకి పీకడానికి చెట్ల మీద ఒక్క గూడూ దొరక్క, అక్రమ నిర్మాణాలు పూర్తిగా అంతరించాయని అవే నివేదిక పంపాయి.

రాజుగారు నిద్ర లేచి ఆ నివేదిక విన్నారు. తన ఆజ్ఞ మీద ప్రజలకి ఇంత గౌరవం ఉన్నందుకు ఆయన కళ్ళు చెమర్చాయి. వసంతశ్రీకి బిరుదిచ్చారు. ఫైళ్ళు పెట్టడానికి చోటు చాలడం లేదని తెలిసి, పక్క గుహ కూడా శాఖకి రాసిచ్చి, మళ్ళీ పడుకున్నారు. దాని పైఅరుగులు ఇంకా వెడల్పని ఆ సాయంత్రానికే అడవంతా పాకింది.

నీతి: గూళ్ళ అనుమతి శాఖే లేకపోతే పాపం, పక్షులు గూళ్ళు ఎక్కడ కట్టుకుంటాయి?